నల్లమాడ ఎండలో ఒక మైనం డబ్బా

మే నెల. మా పాత డీజిల్ జీపులో చింతపండు బస్తాలు వేసుకుని నల్లమాడ నుంచి హిందూపురం మార్కెట్టుకు బయల్దేరాం. ఇంకా బుక్కపట్నం రాకముందే టెంపరేచరు ముల్లు ఎర్రగీత తాకింది. చెట్టు నీడన బండి ఆపి బానెట్ ఎత్తాను. ఇంజిన్ దగ్గర మొహం పెట్టలేనంత సెగ. కానీ రేడియేటర్ పైభాగానికి వచ్చే లావు రబ్బరు గొట్టాన్ని గుడ్డతో పట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది. ఇంజిన్ లోపల నీళ్లు మరిగిపోతున్నాయి, వాటిని చల్లార్చాల్సిన రేడియేటర్‌కు మాత్రం అవి చేరడం లేదు. మధ్యలో ఒక తలుపు మూసుకుపోయింది.

ఆ తలుపే థర్మోస్టాట్. షెడ్డుల్లో ‘వాల్వు’ అంటారు. జీపును తాడు కట్టి లాక్కెళ్లాక మెకానిక్ రెండు బోల్టులు విప్పి దాన్ని బయటికి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి బిళ్ల, దానికో స్ప్రింగు, కింద చిన్న డబ్బా. “ఇది సలి దేశాలోల్లకన్నా. మన ఎండలకి యాల? పీకేసి పంపిస్తా, ఇంజిను సల్లగుంటాది” అన్నాడు. ఈ మాట అతనొక్కడిదే కాదు, మా సీమలో చాలా షెడ్డుల్లో విన్నాను. మంచి మనసుతోనే చెబుతారు. కానీ తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఈ బిళ్ల పుట్టుక దగ్గర్నుంచి చెప్పుకోవాలి.

వేడిని తనంతట తానే అదుపు చేసుకునే పరికరం కార్లకంటే చాలా పాతది. 17వ శతాబ్దం తొలినాళ్లలో కొర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు కోడిగుడ్లు పొదిగించే పొయ్యి ఒకటి చేశాడు. వేడెక్కితే గొట్టంలోని ద్రవం ఉబ్బి పాదరసాన్ని నెట్టేది, అది పొయ్యి గాలిదారిని మూసేది. మంట తగ్గేది. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త రెండు లోహపు పట్టీలను అతికించి చేసిన పరికరానికి ‘థర్మోస్టాట్’ అని పేరు పెట్టాడు. ఆయన మనసులో ఉన్నవి బట్టల మిల్లులు.

కార్లకు దీని అవసరం వెంటనే తెలిసిరాలేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో మొదటి కొన్ని వేల బండ్ల తర్వాత నీటి పంపు కూడా తీసేశారు. వేడి నీరు తేలికై పైకి పోవడం, చల్లారి కిందికి దిగడం, అంతే. చలికాలంలో ఇంజిన్ ఎంతకీ వేడెక్కకపోతే రేడియేటర్ ముందు దుప్పటో అట్టముక్కో కట్టేవాళ్లు. ఆ తర్వాత వచ్చినవి తిత్తి థర్మోస్టాట్లు. హార్మోనియం తిత్తిలా మడతలున్న పలుచని ఇత్తడి డబ్బాలో త్వరగా ఆవిరయ్యే ద్రవం పోసేవారు. వేడికి అది ఆవిరై తిత్తిని సాగదీస్తే తలుపు తెరుచుకునేది. బాగానే పనిచేసింది గానీ, నీళ్లు మరగకుండా రేడియేటర్‌కు ప్రెషర్ మూత బిగించడం మొదలయ్యాక చిక్కొచ్చింది. బయటి ఒత్తిడి తిత్తిని నొక్కేసేది, తలుపు ఆలస్యంగా తెరుచుకునేది.

దీనికి జవాబైంది 1934లో సెర్జియస్ వెర్నే అనే ఇంజనీర్ కనిపెట్టిన థర్మోస్టాట్. తర్వాత ఆయన అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యెల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయన పట్టుకున్నది మైనాన్ని. మైనం గట్టిగా ఉన్నప్పటికంటే కరిగినప్పుడు పదో వంతుకు పైగా ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే విపరీతమైన బలంతో తోస్తుంది. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి దాన్ని అణచలేదు. గట్టి డబ్బాలో మైనం నింపి, నడుమ రబ్బరు తొడుగు, ఆ తొడుగులో నున్నటి ఉక్కు సూది పెడతారు. మైనం కరగ్గానే రబ్బరును నలువైపులా నొక్కుతుంది. తడిసిన చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ఎలా జారి ఎగురుతుందో, సూది అలా బయటికి రావాలని చూస్తుంది. సూది కొన చట్రానికి ఆని ఉంటుంది కాబట్టి డబ్బాయే వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు తలుపూ జరుగుతుంది. చల్లారితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు. ఏ వేడి దగ్గర కరగాలన్నది మైనం పాళ్లలోనే రాసిపెట్టి ఉంటుంది. నాకు ఇంత ముచ్చటైన యంత్రం మరొకటి కనబడలేదు.

ఇప్పుడు మెకానిక్ మాటకొద్దాం. ఇంజిన్ నీళ్లు 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలని దాన్ని చేసినవాళ్ల లెక్క. మా మే నెల ఎండ 42 డిగ్రీలే అనుకోండి. ఇంజిన్ లెక్కలో అది కూడా చలికాలమే! వాల్వు పీకేస్తే రేడియేటర్ పొద్దస్తమానం నీళ్లను చల్లారుస్తూనే ఉంటుంది. చల్లగా నడిచే ఇంజిన్‌లో ఇంధనం పూర్తిగా కాలదు, మైలేజీ పడిపోతుంది. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి దిగుతుంది. ఇంజిన్ ఆయిల్ వేడిగా ఉంటే అది ఎగిరిపోతుంది, లేకపోతే ఆయిల్లోనే కలిసి జిడ్డుమడ్డిగా మారుతుంది. సిలిండర్ గోడలు తొందరగా అరుగుతాయి. ఈ నష్టం ఆ రోజు కనిపించదు. రెండేళ్లకు బోరింగు పనికొచ్చినప్పుడు దీన్ని వాల్వుతో ఎవరూ ముడిపెట్టి చూడరు.

అసలు చల్లగా ఉంటుందన్న హామీ కూడా లేదు. చాలా ఇంజిన్లలో ఈ బిళ్లకు కింద ఇంకో చిన్న మూత ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంజిన్‌కే వస్తాయి. పై తలుపు తెరుచుకుంటే కింది మూత ఆ అడ్డదారిని మూస్తుంది. బిళ్లే లేకపోతే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బరువేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు కొన్ని వేడి నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంటాయి. చల్లదనం కోసం పీకిన బండి సరిగ్గా ఎక్కుడు దగ్గరే మరిగేది ఇందువల్ల.

నేను ఆ బిళ్లను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. కొత్తదొకటి కొన్నాను. రెండిటినీ దారాలకు కట్టి, నీళ్లగిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టాను. పక్కనే థర్మామీటరు. 70 దాటింది, ఏమీ లేదు. 82 దగ్గర కొత్తదాని అంచున వెంట్రుకంత సందు కనిపించింది. 95కు చిటికెన వేలి గోరంత తెరుచుకుంది. పాతది నీళ్లు తెర్లుతున్నా కదల్లేదు. దాని డబ్బా చుట్టూ, సూది మొదట్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వేలితో గీకితే పొడి రాలింది.

ఆ ఉప్పు మా బోరు నీళ్లది. ఏళ్ల తరబడి రేడియేటర్లో చేతికందిన బోరు నీళ్లే పోశాను. మా మెట్టభూముల్లో వానలు తక్కువ, బోర్లు లోతు. ఆ లోతు నీళ్లలో సున్నపు ఉప్పులు ఎక్కువ. వేడి తగిలేకొద్దీ అవి విడిపోయి పొరలుగా అంటుకుంటాయి. ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం పాత అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు చేరేదాకా ఎంతోమంది ఈ నీళ్లే తాగారు, మా పెద్దవాళ్ల పళ్ల మీద ఆ గుర్తు ఇంకా ఉంది. మనుషులకు చేటు చేసిన నీళ్లు ఇంజిన్‌ను వదిలిపెడతాయా? కూలెంటు సగం, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోస్తే ఈ పేరుకుపోవడం ఉండదు. పైగా ఆ కలగలుపు మామూలు నీళ్లకంటే ఎక్కువ వేడి దగ్గరే మరుగుతుంది.

వాల్వు తెరుచుకుని ఇరుక్కుంటే కనిపించే గుర్తు మా జీపులో కనిపించినదానికి సరిగ్గా తలకిందులు. ముల్లు ఎంత దూరం పోయినా మధ్యకు రాదు. కొత్త కార్లలోనైతే కంప్యూటర్ దీన్ని కనిపెట్టి డాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తుంది. కొన్నిటిలో మైనంలోనే చిన్న హీటర్ తీగ పెట్టి ఎప్పుడు తెరవాలో కంప్యూటరే చెబుతుంది. మా జిల్లాలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడ బయటికొచ్చే పెట్రోలు, డీజిల్ కార్ల ఇంజిన్లకూ ఈ కాపలా తలుపు ఉండాల్సిందే.

ముల్లు ఎర్రగీత దాటితే మాత్రం ఎవరైనా సరే వెంటనే ఇంజిన్ ఆపండి. హెడ్డు గ్యాస్కెట్ పోతే ఖర్చు వేలల్లోకి పోతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు. ఒత్తిడిలో అణిగి ఉన్న నీళ్లు మూత వదులు కాగానే ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగండి.

మర్నాడు షెడ్డుకు పోయి, గిన్నెలో చూసింది మెకానిక్‌కు చెప్పాను. చివరిదాకా విన్నాడు. కొత్త బిళ్లను చేతిలో అటూ ఇటూ తిప్పి, అంచున కదిలే చిన్న సూదిని చూపించి “గాలి పోయే బొక్క ఇది, పైకుండాల” అంటూ సరిగ్గా పైవైపు పెట్టి బిగించాడు. కూలెంటు పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పై గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏడెనిమిది నిమిషాలు గొట్టం చల్లగానే ఉంది. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుని “వచ్చిండాదన్నా” అన్నాడు. లోపల మీటర్లో ముల్లు నడిమధ్యకు వచ్చి నిలబడింది.