షేడ్ కార్డులో కవలలు, గోడ మీద వేరు! ఎందుకు?

పెయింట్ షాపువాళ్లిచ్చే షేడ్ కార్డులో క్రీమ్, బిస్కెట్ రంగు గళ్లు చూడండి. తేడా చెప్పమంటే తల గోక్కోవాల్సిందే. గోడకు వేశాక మాత్రం ఒకటి పసుపుగా, ఇంకోటి కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఎందుకు?

రెండింటికీ మూలం తెలుపే. ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది. అందులో షాపు మిషన్ కొద్దికొద్దిగా రంగులు కలుపుతుంది. క్రీమ్‌లో పసుపు పాలు ఎక్కువ, బిస్కెట్‌లో ఎరుపు, నలుపు కూడా పడతాయి. ఆ ఎరుపు చాలావరకు ఐరన్ ఆక్సైడే. పల్లెల్లో అరుగులకు పూసే జాజుకు ఎరుపునిచ్చేదీ అదే!

చిన్న గడిలో దాక్కున్న ఆ ఛాయ గదిలో ఎలా బయటపడుతుంది? వెలుతురు ఒక గోడను తాకి ఎదురుగోడకు, అక్కణ్నుంచి మళ్లీ ఇటు దూకుతుంది. తాకిన ప్రతిసారీ గోడ కొంత నీలాన్ని మింగేస్తుంది. దాంతో మిగిలిన రంగు చిక్కబడుతుంది. మూలల్లో చూడండి, రంగు ఇంకా ముదురుగా ఉంటుంది.

బల్బు సంగతీ ఉంది. 2700 కెల్విన్ పసుపు బల్బు కింద రెండూ దాదాపు ఒకేలా ఉండొచ్చు. 6500 కెల్విన్ తెల్ల బల్బు వేస్తే తేడా బయటపడుతుంది.

అందుకే కార్డును నమ్మొద్దు. రెండు పెద్ద అట్టలకు రెండేసి కోట్లు వేయండి. ఆరాక పగలోసారి, రాత్రి మీ ఇంటి బల్బు కింద ఇంకోసారి చూడండి. పాత గోడ పచ్చరంగుదైతే అట్ట వెనక తెల్లకాగితం పెట్టండి. లేకపోతే ఆ పచ్చదనం పక్కన బిస్కెట్ రంగు ఉన్నదానికన్నా ఎర్రగా అనిపిస్తుంది.