పన్నెండు కొట్టింది: పగలా, రాత్రా?

గోడ గడియారంలో రెండు ముళ్ళూ పన్నెండు మీద కలుసుకున్నాయనుకోండి. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో అప్పుడే నిద్రలేచినవాడికి అది మిట్టమధ్యాహ్నమో అర్ధరాత్రో తెలియదు. గంటల ముల్లు రోజుకు రెండు చుట్లు తిరుగుతుంది. ఇది మొదటి చుట్టా, రెండోదా అన్న సంగతి ముల్లు చెప్పలేదు. లేచి కిటికీ తీసి చూడాలి.

కారు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు సరిగ్గా ఇదే చిక్కు. దానికి కిటికీలా ఉపయోగపడేది క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్. బొటనవేలంత ఉండే ఈ ప్లాస్టిక్ ముక్క పాడైతే బండి ఎంతసేపు తిప్పినా స్టార్ట్ కాకపోవచ్చు, లేదా వేడెక్కాక ఆగిపోయి చల్లారాక మళ్ళీ కదలవచ్చు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళి చవకగా దొరికిన పాత కారు కొనుక్కునే మన పిల్లలకు ‘చెక్ ఇంజన్’ దీపం తొందరలోనే పరిచయమవుతుంది. ఆ దీపం వెనక తరచూ కనిపించే కోడ్‌లలో ఒకటి పి0340. ఈ సెన్సర్ తాలూకు కోడ్ అది.

రెండు చుట్లు, నాలుగు పనులు

పిస్టన్ చేసే పనులు నాలుగు. గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చడం, వాటిని నొక్కడం, అవి మండినప్పుడు కిందికి తన్నుకు రావడం, మిగిలిన పొగను బయటికి నెట్టడం. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ అదే సమయంలో ఒక్క చుట్టే తిరుగుతుంది.

కాబట్టి ఒక ఆవృత్తిలో పిస్టన్ రెండుసార్లు పైకి చేరుతుంది. ఒకసారి గాలిని బిగబట్టి నొక్కుతూ వస్తుంది. అప్పుడు నిప్పురవ్వ కావాలి. రెండోసారి పొగను నెట్టుతూ వస్తుంది. అప్పుడు రవ్వ పడినా వృథాయే. క్రాంక్‌షాఫ్ట్ దగ్గర ఉండే మరో సెన్సర్ పళ్ళచక్రాన్ని చూస్తూ లెక్కపెడుతుంది. ఫోర్డ్ ఇంజన్లు చాలావాటిలో ఆ చక్రానికి 36 పళ్ళకు చోటుంటుంది, ఒక పన్ను మాత్రం కావాలనే తీసేస్తారు. పన్నుకూ పన్నుకూ మధ్య 10 డిగ్రీలు. ఖాళీ వచ్చినప్పుడల్లా కంప్యూటర్‌కు చుట్టు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఒకటో నంబరు పిస్టన్ ఎప్పుడు పైకి చేరుతుందో తెలుస్తుంది. అది నొక్కడానికి వచ్చిందో, పొగ నెట్టడానికి వచ్చిందో మాత్రం తెలియదు. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో యాభయ్యో వంతు. అంతలోనే ఏ సిలిండర్‌కు పెట్రోలు చిమ్మాలో తేల్చుకోవాలి. ఆవృత్తికి ఒక్కసారే తిరిగే క్యామ్‌షాఫ్ట్‌ను చూస్తే ఆ సందేహం తీరిపోతుంది.

బాల్టిమోర్‌లో ఒక బంగారు రేకు

చీకటిలో, నూనె ఆవిర్ల మధ్య, తాకకుండానే ఈ సెన్సర్ ఎలా చూస్తుంది? దానికి జవాబు 1879లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో దొరికింది. విద్యుత్తు పారే తీగను అయస్కాంతం పక్కకు నెడుతుందని అప్పటికే తెలుసు. ఆ తోపు తీగ మీదే గాని అందులోని ప్రవాహం మీద కాదని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ తన గ్రంథంలో రాశాడు. ప్రొఫెసర్ రోలాండ్ దగ్గర చదువుతున్న ఎడ్విన్ హాల్ అనే విద్యార్థికి ఆ మాట మింగుడుపడలేదు. గాజుపలక మీద అతికించిన పలచని బంగారు రేకులో విద్యుత్తు పారించి, దాన్ని బలమైన విద్యుదయస్కాంతం మధ్య పెట్టాడు. రేకుకు అడ్డంగా, అంచునుంచి అంచుకు చిన్న వోల్టేజి పుట్టింది. ప్రవాహమే పక్కకు ఒరిగిందన్న మాట. ఎలక్ట్రాన్ ఉందని లోకానికి తెలియడానికి ఇంకా 18 ఏళ్ళుంది.

బంగారంలో ఆ వోల్టేజి అతి స్వల్పం. సెమీకండక్టర్లు వచ్చాక అది పనికొచ్చేంత పెద్దదైంది. ఇప్పటి సెన్సర్‌లో చిన్న అయస్కాంతం, చిప్పు పక్కపక్కనే ఉంటాయి. ఎదురుగా ఇనుప రేకు వచ్చి పోయినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, చిప్పులో వోల్టేజి మారుతుంది. వీటికి సాధారణంగా మూడు వైర్లుంటాయి: కరెంటు, ఎర్త్, సంకేతం. రెండే వైర్లుంటే అది తీగచుట్ట రకం. ఆ రకం ఇచ్చే వోల్టేజి చక్రం వేగాన్ని బట్టి ఉంటుంది, నెమ్మదిగా తిరిగితే బలహీనపడుతుంది. హాల్ రకానికి ఆ బాధ లేదు. స్టార్టర్ ఇంజన్‌ను ఈడుస్తూ తిప్పుతున్నప్పుడు కూడా స్పష్టంగా చెబుతుంది.

డెల్కో పోయింది, గుంట మిగిలింది

అంబాసిడర్ల కాలంలో మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ను ‘డెల్కో’ అనేవారు. ఆ మాట ఓహాయో రాష్ట్రంలోని డేటన్ ఊరిది. చార్లెస్ కెటరింగ్ 1909లో అక్కడ స్థాపించిన కంపెనీ పేరును కుదిస్తే వచ్చింది డెల్కో. బ్యాటరీతో రవ్వ పుట్టించే పద్ధతిని కార్లకు అలవాటు చేసింది ఆయనే. రవ్వను ఒక్కో సిలిండర్‌కు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్‌ను క్యామ్‌షాఫ్ట్ తిప్పేది. వంతు ఎవరిదో చెప్పే పని కూడా దానిదే.

తర్వాత కంప్యూటరూ ఇగ్నిషన్ కాయిళ్ళూ ఆ పని తీసుకున్నాయి. కానీ పాత ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ దిగే గుంటను పూడ్చేయడానికి వీల్లేదు, ఎందుకంటే అదే షాఫ్టు కింద ఆయిల్ పంపునూ తిప్పుతుంది. జీప్ చెరోకీ బండ్లలోనూ, 2006 దాకా రాంగ్లర్ బండ్లలోనూ వచ్చిన 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌లో జరిగింది ఇదే. 2000 ప్రాంతంలో డిస్ట్రిబ్యూటర్ తీసేసి, దాని చోట ఒక పొట్టి షాఫ్టు పెట్టారు. షాఫ్టు మీద అరచుట్టు వెడల్పున్న ఒక రేకు, దాని పైన సెన్సర్. రేకు సెన్సర్ ముందుకు వస్తే 5 వోల్టులు, దాటిపోతే సున్నా. ఫోర్డ్ 3 లీటర్ల వి6 ఇంజన్‌లోనూ ఇలాంటి అమరికే ఉంది. దాన్ని సింక్రొనైజర్ అంటారు.

మార్చడం వేరు, కుదర్చడం వేరు

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి సెన్సర్ మార్చడమంటే ఒక కనెక్టర్ ఊడదీసి, ఒక బోల్టు విప్పి, పాతది లాగి, రబ్బరు రింగుకు కాస్త ఆయిల్ రాసి కొత్తది దించడమే. కుదర్చడానికి అందులో ఏమీ లేదు, చోటు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయింది. కొన్ని పాత క్రైస్లర్ వ్యాన్లలో కొత్త సెన్సర్ మూతికి ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది. చెత్త అనుకుని దాన్ని పీకేయకూడదు. చక్రానికీ సెన్సర్‌కూ మధ్య ఉండాల్సిన ఖాళీని కొలిచిపెట్టేది ఆ కాగితమే, తర్వాత అదే అరిగిపోతుంది.

జీప్ ఇంజన్‌లోనూ పై సెన్సర్‌ను మాత్రమే మారుస్తే కుదర్చనక్కర్లేదు. రెండు చిన్న బోల్టులు విప్పి, కొత్తది పెట్టి బిగిస్తే సరి. కింద ఉన్న షాఫ్టు పైకి వస్తేనే లెక్క మొదటికొస్తుంది. పళ్ళు అరిగాయనో, బేరింగ్ ఎండిపోయి కిచకిచమంటోందనో దాన్ని మార్చాల్సి రావచ్చు. ఆ చప్పుడును అలక్ష్యం చేస్తే నష్టం సెన్సర్‌తో ఆగదు. షాఫ్టు పట్టేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఇంజనే పోతుంది.

టూత్‌పిక్ పని

షాఫ్టు తీసే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. ఒకటో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద వేలు పెట్టి, క్రాంక్ బోల్టును సాకెట్ పానాతో ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పాలి. గాలి వేలిని నెడితే అది నొక్కే చుట్టు. అక్కడినుంచి మెల్లగా తిప్పి కప్పీ మీది గీతను సున్నా గుర్తుకు తేవాలి. గది కిటికీ తీసి బయటికి చూడడమంటే ఇదే. గాలి నెట్టకుండానే గీత కలిసిందంటే మీరు అర్ధరాత్రిలో ఉన్నారు. ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి.

ఇప్పుడు సెన్సర్ తీస్తే రేకులోనూ కింది దిమ్మలోనూ చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి ఎదురెదురుగా వచ్చినప్పుడు గుచ్చి కదలకుండా ఆపడానికి కంపెనీ కొత్త భాగంతోపాటు ప్లాస్టిక్ పిన్ను ఇస్తుంది. పిన్ను లేకపోతే? కంపెనీ సర్వీస్ మాన్యువల్ బొమ్మలోనే టూత్‌పిక్ గీసి చూపించింది. ఫోర్డ్ సింక్రొనైజర్‌కైతే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అమెరికాలో పెద్ద స్పేర్‌పార్టుల దుకాణాలు ఇలాంటి పనిముట్లను డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి. తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు.

మెళకువ అంతా దించడంలో ఉంది. గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, అందుచేత షాఫ్టు దిగుతూ తనంతట తాను కొంత తిరుగుతుంది. ఆ తిరుగుడును ముందే లెక్కవేసి కాస్త వెనక్కి పట్టుకుని దించాలి. కింద ఆయిల్ పంపు గాడిలో షాఫ్టు కొస కూర్చోకపోతే పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో గాడిని తిప్పి సరిచేయాలి. ఒక్క పన్ను తప్పినా మొదటినుంచి చేయాల్సిందే, ఎందుకంటే క్యామ్ దగ్గర ఒక డిగ్రీ తప్పితే క్రాంక్ లెక్కలో అది రెండు డిగ్రీలు. అంతా అయ్యాక పుల్ల తీయడం మరవకండి. ఆ తర్వాత స్కానర్‌తో క్యామ్, క్రాంక్‌ల పొంతన (సింక్) సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

మరో మాట. ఈ షాఫ్టును అటూ ఇటూ తిప్పి పాత డెల్కో మాదిరి ‘టైమింగ్ పెంచుదాం’ అనుకోకూడదు. జీప్‌లో ఇది పెట్రోలు చిమ్మే వంతును మాత్రమే నిర్ణయిస్తుంది. రవ్వ ఎప్పుడు పడాలో క్రాంక్ సెన్సర్‌ను చూసి కంప్యూటరే తేలుస్తుంది.

కోడ్ చెప్పేది, చెప్పనిది

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ ఒకే రకం 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు ఉండాలన్నది నిబంధన. అందుకే చవక రీడర్ ఏదైనా ఏ కంపెనీ బండితోనైనా మాట్లాడుతుంది. అయితే పి0340 అంటే ‘సెన్సర్ పోయింది’ అని కాదు, ‘సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉంది’ అని. తెగిన వైరు, తుప్పుపట్టిన కనెక్టర్, బలహీనమైన ఎర్త్ కూడా అదే కోడ్ తెప్పిస్తాయి. మల్టీమీటర్‌తో కరెంటూ ఎర్తూ వస్తున్నాయో లేదో చూసి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ సంకేతం 5కూ సున్నాకూ మధ్య మారుతోందో లేదో గమనిస్తే పావుగంటలో తేలిపోతుంది. పి0016 కథ వేరు. క్రాంక్ చెప్పేదీ క్యామ్ చెప్పేదీ పొంతన కుదరడం లేదని దాని అర్థం. టైమింగ్ చైన్ సాగిందేమో ముందు చూడాలి. సాక్షి నిజం చెబుతున్నప్పుడు సాక్షిని మార్చి లాభం లేదు.

బాగుచేసి కోడ్ చెరిపేసిన రోజే పొగ పరీక్షకు వెళ్ళకండి. డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఏటేటా ఆ పరీక్ష తప్పదు. కోడ్‌తోపాటు కంప్యూటర్ స్వయంపరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడళ్ళకు ఒకటికి మించి పరీక్షలు మిగిలిపోతే సాధారణంగా పాస్ చేయరు. కొన్నాళ్ళు ఊళ్ళోనూ హైవే మీదా నడిపాక వెళ్ళండి.

ఇక పని మొదలుపెట్టేవారికి ఒకటే సలహా. జీప్‌లో పైన ఉన్న రెండు చిన్న బోల్టులను ధైర్యంగా విప్పండి. షాఫ్టును పట్టి ఉంచే మూడో బోల్టును మాత్రం, ఒకటో సిలిండర్ ఏ చుట్టులో ఉందో తేల్చుకునేదాకా ముట్టుకోకండి.