గొంతు మారినా నిలిచిన బృందం: ‘ది సెల్డమ్ సీన్’ పదిహేనవ వార్షికోత్సవ లైవ్ ఆల్బమ్ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా బ్లూగ్రాస్ సంగీతంలో ప్రధాన గాయకుడు మారినా బృందం అదే పేరుతో కొనసాగడం సాధారణం. శ్రోతలు ఒక బృందాన్ని ముందుగా గుర్తుపట్టేది ఆ ప్రధాన కంఠంతోనే. అలాంటప్పుడు ఆ కంఠం మారిన తరువాత కూడా బృందం ‘అదే’ అని చెప్పడానికి ఆధారం ఏమిటి? ‘ది సెల్డమ్ సీన్’ బృందం 1986లో కెనడీ సెంటర్‌లో ఇచ్చిన కచేరీ 1988లో ఆల్బమ్‌గా వెలువడింది. కొత్త ప్రధాన గాయకుడు లూ రీడ్‌ను పరిచయం చేసిన ఈ ఆల్బమ్‌ను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్లూగ్రాస్, లైవ్ ఆల్బమ్, ప్రధాన గాయకుడు, టెనర్, స్వరమేళనం, ప్రదర్శన, పరంపర.

1. ఉపోద్ఘాతం:

బ్లూగ్రాస్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అపలాచియన్ కొండల జానపద గానం, చర్చి పాటలు, నల్లజాతీయుల బ్లూస్ కలిసిన నేపథ్యం నుండి రూపుదిద్దుకొన్న సంగీతశైలి. కెంటకీ రాష్ట్రానికి చెందిన బిల్ మన్రో తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకొన్నాడు. ఆ రాష్ట్రానికి ఉన్న ‘బ్లూగ్రాస్ స్టేట్’ అనే వాడుక పేరే దీనికి మూలం. 1939లో ఈ బృందం నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో వేదికపైకి చేరింది. 1945 చివరలో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో మీటే బాంజో వాదనతో ఇందులో చేరిన తరువాత ఈ శైలికి స్పష్టమైన రూపం వచ్చింది. ఒక బృందం పేరే తరువాతి కాలంలో మొత్తం శైలికి పేరు అయింది.

మాండొలిన్, ఫిడేలు, ఐదు తీగల బాంజో, గిటారు, నిలబెట్టి వాయించే బాస్ ఇందులోని ప్రధాన వాద్యాలు. అడ్డంగా పట్టుకొని లోహపు కడ్డీతో మీటే డోబ్రో 1950లలో వీటితో చేరింది. సాధారణంగా డ్రమ్ములు ఉండవు. లయను బాస్, మాండొలిన్ పంచుకొంటాయి. ఫిడేలు తెలుగువారికి కొత్త వాద్యం కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు కచేరీలతో మన ఇళ్లలో నిలిచిపోయిన వాద్యమే అక్కడ నిలబడి, భుజానికి ఆనించి, వేరొక పద్ధతిలో వాయిస్తారు.

2. మూడు గొంతుల అమరిక:

బ్లూగ్రాస్ గానంలో ముఖ్యమైనది మూడు గొంతుల స్వరమేళనం. పాట వరుసను పాడే గొంతును ‘లీడ్’ అంటారు. దానికి పైస్థాయిలో పాడేది ‘టెనర్’, కింది స్థాయిలో పాడేది ‘బారిటోన్’. మన స్వరాలలో చెప్పాలంటే, ప్రధాన గాయకుడు ‘స’ దగ్గర నిలిచినప్పుడు టెనర్ దానికి పైన ‘గ’ను, బారిటోన్ మంద్రస్థాయిలోని ‘ప’ను ఏకకాలంలో పలుకుతారు. బుర్రకథలో కథకునికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉన్నట్లే ఇక్కడా మధ్య గొంతుకు రెండు తోడు గొంతులు ఉంటాయి. అయితే వంతలు కథకుని మాటను అందుకొని పలుకుతారు. ఇక్కడ ముగ్గురూ ఒకే మాటను, ఒకే క్షణంలో, వేరువేరు స్వరాలలో పాడతారు.

ఈ కారణంగా మధ్య గొంతు మారితే మిగతా రెండు గొంతులూ మారవలసి వస్తుంది. కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు తన గొంతుకు తగిన శ్రుతిని ఎన్నుకొంటాడు, కచేరీ అంతా ఆ శ్రుతిలోనే సాగుతుంది. బ్లూగ్రాస్‌లో ఈ ఎంపిక ప్రతి పాటకూ విడిగా జరుగుతుంది. కొత్త గాయకుని గొంతు పాతవాని కంటే హెచ్చుస్థాయిదైతే పాట ఆధారస్వరం పైకి జరుగుతుంది. అప్పటికే పైన ఉన్న టెనర్ ఇంకా పైకి పోవాలి. అది సాధ్యం కాకపోతే భాగాలను మార్చుకొని, టెనర్ స్వరాలను మంద్రస్థాయిలో పాడే ఏర్పాటు చేసుకోవాలి.

వాద్యాలకూ ఇదే స్థితి. గిటారు వాద్యకారుడు మెట్లపై ‘కేపో’ అనే బిగింపును జరిపి సర్దుకొంటాడు. బాంజోలో నాలుగు తీగలకు కేపో సరిపోతుంది కాని, బొటనవేలితో మీటే పొట్టి ఐదవ తీగను విడిగా సవరించాలి. ఫిడేలు, మాండొలిన్ వాయించేవారు చాలావరకు కేపో వాడరు కనుక తమకు అలవాటైన వేళ్ల పోకడనే మార్చుకొంటారు. కొత్త గాయకుని రాక ఈ విధంగా బృందంలో ప్రతి ఒక్కరి చేతిపనినీ తాకుతుంది.

3. మధ్య స్థానం – మారే స్థానం:

బ్లూగ్రాస్ చరిత్రను పరిశీలిస్తే ఈ మార్పు అపవాదం కాదని తెలుస్తుంది. బిల్ మన్రో తన బృందంలో ఎక్కువగా టెనర్ పాడేవాడు. గిటారుతో మధ్యలో నిలిచి లీడ్ పాడే స్థానంలోకి 1945లో లెస్టర్ ఫ్లాట్ వచ్చి 1948లో వెళ్లిపోయాడు. తరువాత మాక్ వైజ్‌మన్, జిమ్మీ మార్టిన్, 1951లో కొంతకాలం కార్టర్ స్టాన్లీ, 1960లలో డెల్ మెక్కూరీ, పీటర్ రోవన్ ఆ స్థానంలో నిలిచారు. వీరిలో పలువురు అనంతరం సొంత బృందాలకు నాయకులయ్యారు. మధ్య స్థానం ఒక విధంగా గురుకులంలా పనిచేసింది.

స్టాన్లీ సోదరులది మరింత విషాదకరమైన ఉదాహరణ. లీడ్ పాడే అన్న కార్టర్ 1966 డిసెంబరు 1న మరణించాడు. టెనర్ పాడే తమ్ముడు రాల్ఫ్ బృందాన్ని కొనసాగించాడు. లారీ స్పార్క్స్, రాయ్ లీ సెంటర్స్, కీత్ విట్లీ వరుసగా అన్న నిలిచిన చోట నిలిచారు. ఈ రెండు సందర్భాలలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. పై గొంతు స్థిరంగా నిలిచింది, మధ్య గొంతు మారింది. శ్రోత పాటను మధ్య గొంతుతో అనుసరిస్తాడు, బృందాన్ని మాత్రం పై గొంతుతో గుర్తుపడతాడు.

4. ‘ది సెల్డమ్ సీన్’ నేపథ్యం:

అపలాచియన్ ప్రాంతం నుండి ఉపాధి కోసం వలస వచ్చినవారితో పాటు బ్లూగ్రాస్ వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాలకు చేరింది. ఆ వాషింగ్టన్ పరిసరాలలోనే, మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో, 1971లో ఈ బృందం ఏర్పడింది. సభ్యులకు వేరే వృత్తులు ఉండేవి. గిటారుతో లీడ్ పాడిన జాన్ స్టార్లింగ్ వైద్యుడు. బాంజో వాయించిన బెన్ ఎల్డ్రిడ్జ్ గణితజ్ఞుడు. డోబ్రో వాద్యకారుడు మైక్ ఆల్డ్రిడ్జ్ వాణిజ్య చిత్రకారుడు. బాస్ వాయించిన టామ్ గ్రే నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థలో పటాల రూపకర్త. మాండొలిన్ వాయిస్తూ టెనర్ పాడిన జాన్ డఫీ వాద్యాలను మరమ్మతు చేసేవాడు. వారానికి ఒక్క రాత్రి పాడుకొంటే చాలుననుకొన్నవారు కనుక ‘అరుదుగా కనబడేవారు’ అనే అర్థం ధ్వనించేలా శ్లేషతో ఈ పేరు పెట్టుకొన్నారు.

1974 డిసెంబరులో వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ క్లబ్బులో ఇచ్చిన కచేరీలు 1975లో లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి. స్టార్లింగ్ గొంతు, డఫీ టెనర్, డఫీ హాస్య సంభాషణ కలిసి బృందపు ముద్ర స్థిరపడిన దశను ఆ ఆల్బమ్ భద్రపరచింది. 1977లో స్టార్లింగ్ వైద్యవృత్తి కోసం బృందాన్ని విడిచాడు. పాటల రచయిత కూడా అయిన ఫిల్ రోజెంథాల్ ఆ స్థానంలోకి వచ్చి 1986 వరకు పాడాడు. ఆయన తరువాత వచ్చినవాడు లూ రీడ్. ఇదే పేరుతో ప్రసిద్ధుడైన న్యూయార్క్ రాక్ గాయకుడు వేరు. ఈ లూ రీడ్ డోయల్ లాసన్ నాయకత్వంలోని ‘క్విక్‌సిల్వర్’ బృందంలోనూ, రికీ స్కాగ్స్ బృందంలోనూ పనిచేసి వచ్చిన అనుభవజ్ఞుడు.

5. కెనడీ సెంటర్ కచేరీ – పరిచయ విధానం:

బృందం పుట్టిన 1971లోనే వాషింగ్టన్‌లో కెనడీ సెంటర్ కూడా ప్రారంభమైంది. వారాంతర క్లబ్బుల నుండి బయలుదేరిన బృందం 1986లో తన పదిహేనవ వార్షికోత్సవాన్ని ఆ జాతీయ కళావేదికపై జరుపుకొంది. షుగర్ హిల్ సంస్థ ఆ కచేరీని 1988లో ఆల్బమ్‌గా విడుదల చేసింది. ఈ ఆల్బమ్‌లో కొత్త గాయకుని పరిచయం జరిగిన తీరును మూడు అంశాలుగా గమనించవచ్చు.

మొదటిది, పాతవారి అండ. వేదికపై డఫీ, ఆల్డ్రిడ్జ్, ఎల్డ్రిడ్జ్, గ్రే నలుగురూ తొలి సభ్యులు. కొత్తవాడు ఒక్కడే. మరుసటి సంవత్సరం గ్రే కూడా బృందాన్ని విడిచాడు. తొలి నలుగురు ఇంకా కలిసి ఉన్నప్పుడే కొత్త గొంతు నమోదు కావడం వల్ల ఈ ఆల్బమ్‌కు చారిత్రక విలువ ఏర్పడింది.

రెండవది, ఉత్సవ సందర్భం. లిండా రాన్‌స్టాట్, ఎమ్మీలూ హారిస్, రికీ స్కాగ్స్ వంటి ప్రసిద్ధులు అతిథులుగా పాల్గొన్నారు. గొంతులు అనేకంగా వినిపించే సభలో కొత్త గొంతు ఒంటరిగా పరీక్షకు నిలబడవలసిన అవసరం ఉండదు. గతాన్ని స్మరించే సభలోనే భవిష్యత్తును ప్రవేశపెట్టడం ఆలోచించదగిన పద్ధతి. ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. అతిథుల ప్రాభవంలో కొత్త గాయకుని విడి వ్యక్తిత్వం పూర్తిగా తెలియదు. అది తెలియడానికి 1988లోనే వచ్చిన ‘ఎ ఛేంజ్ ఆఫ్ సీనరీ’ అనే స్టూడియో ఆల్బమ్ వినాలి.

మూడవది, సభికుల సాక్ష్యం. స్టూడియోలో తప్పును తుడిచి మళ్లీ పాడవచ్చు. సభలో ముగ్గురి గొంతులు కలిశాయో లేదో ఆ క్షణంలోనే తేలిపోతుంది. చప్పట్లు కూడా ధ్వనిముద్రణలో భాగమే కనుక ఇంట్లో వినే శ్రోతకు పాటతో పాటు అంగీకారం కూడా వినిపిస్తుంది. జానపద విజ్ఞానంలో ప్రదర్శనను పాఠం, కళాకారుడు, ప్రేక్షకుడు కలిసిన సంఘటనగా పరిగణిస్తారు. ఈ దృష్టితో చూస్తే గాయకుని మార్పు బృందం నిర్ణయంతో మొదలవుతుంది కాని, సభ అంగీకారంతోనే పూర్తవుతుంది. లైవ్ ఆల్బమ్ ఆ అంగీకారానికి పత్రం.

6. పై గొంతు కూడా పోయినప్పుడు:

లూ రీడ్ 1990ల ఆరంభంలో బృందాన్ని విడిచాడు. స్టార్లింగ్ కొంతకాలం తిరిగి వచ్చాడు, ఆ తరువాత మూండీ క్లైన్ పాడాడు, 1995లో డడ్లీ కానెల్ చేరాడు. ఇంతవరకు మారినది మధ్య గొంతే. 1996 డిసెంబరు 10న జాన్ డఫీ మరణించాడు. స్థిరంగా నిలిచిన గొంతే లేకుండా పోయింది. అప్పుడు బృందంలోకి తిరిగి వచ్చి, డఫీ వాయించిన మాండొలిన్‌నూ, పాడిన టెనర్‌నూ చేపట్టినవాడు లూ రీడే.

పదేళ్ల క్రితం కెనడీ సెంటర్‌లో కొత్త గాయకుడుగా డఫీ గొంతుకు కింద నిలిచి పాడినవాడు ఇప్పుడు ఆ పై భాగాన్నే పాడవలసి వచ్చింది. పై గొంతు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో అతడు పక్కన నిలబడి సంవత్సరాల తరబడి విన్నాడు. మధ్య స్థానం గురుకులంలా పనిచేస్తుందని ముందు అనుకొన్న మాటకు ఇది బలమైన నిదర్శనం.

7. ముగింపు:

2014లో బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బృందాన్ని గౌరవించినప్పుడు ఎంపిక చేసింది తొలి ఐదుగురినే. ఆ గౌరవం న్యాయమైనదే. అయితే స్మరణ తొలి గొంతుల దగ్గర ఆగితే, పరంపర తరువాతి గొంతుల మీద నడుస్తుంది. బృందపు గుర్తింపు ఏ ఒక్కరి కంఠంలోనూ పూర్తిగా లేదు. అది గొంతుల మధ్య ఉన్న అమరికలో ఉంది. ఆ అమరికను పక్కన నిలబడి నేర్చుకొన్నవారు ఒక్కరైనా మిగిలి ఉన్నంతవరకు అది కొనసాగుతుంది.

కొత్త గాయకుని పరిచయం చేసే ఆల్బమ్‌ను వినేటప్పుడు మనం సహజంగా పాత గొంతుతో పోలుస్తాం. దానితో పాటు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అతని పక్కనున్న గొంతులు అతని కోసం ఎంత జరిగాయి, అతడు వాటి కోసం ఎంత జరిగాడు? 1986 కచేరీ విలువ ఈ ప్రశ్నతోనే తెలుస్తుంది. ఆ రాత్రి బృందానికి కొత్త ప్రధాన గాయకుడు దొరికాడని శ్రోతలు అనుకొని ఉంటారు. పదేళ్ల తరువాత డఫీ లేని బృందాన్ని నిలబెట్టవలసి వచ్చినప్పుడు పై గొంతు అందుకొన్నవాడు కూడా అతడే.