పచ్చిరొట్ట ఎరువునకు అదను

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల మాగాణులకు ప్రకాశం బ్యారేజి నుండి వచ్చు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలే ప్రధానాధారము. వరి కోతల సమయమున ఈ పొలములలో మినుమో, మొక్కజొన్నయో వేయుట వాడుక. ఆ రాబడిని వదులుకొమ్మని రైతునకు చెప్పుట న్యాయము కాదు. కనుక తొలకరి జల్లులకును, వరినాట్లకును నడుమ గల ఆరేడు వారములే పచ్చిరొట్ట పైరునకు మిగిలిన వ్యవధి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. వరికి దానిని నేరుగా గ్రహించు శక్తి లేదు. జీలుగ, జనుము, పిల్లిపెసర మొక్కల వేళ్లపై గల బుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ పని చేయును. ఎకరమునకు 10 మొదలు 12 కిలోల జీలుగ విత్తనము చల్లి, ఏపుగా పెరిగిన పైరును కలియదున్నినచో, సుమారు 25 కిలోల నత్రజని నేలకు చేరును. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నది 20 కిలోలకు కొంచెము పైన మాత్రమే. సముద్రతీరపు చౌడు నేలలకు, నీరు నిలుచు పల్లములకు జీలుగ తగును. జనుము నీటి ముంపునకు ఓర్వదు.

అయితే దున్నుటకు అదను ముఖ్యము. 45, 50 దినములకు పూత తొడుగు వేళ దున్నవలెను. ఆలస్యమైనచో కాడలు ముదిరి చేవకట్టును. అట్టి కాడలను కుళ్లించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకొనును. పైరు కొంతకాలము పసుపుబారును.

శీతల దేశములలో చలికి సూక్ష్మజీవుల పని మందగించును. అచ్చటి రైతు నత్రజని ఎప్పుడు విడుదల అగునా యని ఎదురుచూడవలసియుండును. మన నేల వేడిమికి లేతరొట్ట వారము పది దినములలోనే చాలవరకు కుళ్లిపోవును. కనుక మనకు నష్టభయమే ఎక్కువ. పొడినేలలో దున్ని చాలకాలము వదలినచో నత్రజని నైట్రేటుగా మారును. పిదప నీరు పెట్టినప్పుడు కొంత వాయువై పోవును. కొంత నీటితో దిగిపోవును. నీరు నిలిపి దమ్ములో త్రొక్కినచో అమ్మోనియా రూపమున నిలిచి వరికి అందును. కావున కాలువకు నీరు విడుచు దినమును తెలిసికొని, అటనుండి వెనుకకు లెక్కించి జీలుగ విత్తవలెను. అంత వ్యవధి లేనివారు గట్లపై గ్లైరిసీడియా పెంచి, ఆ కొమ్మల ఆకును దమ్ములో త్రొక్కవచ్చును.

చివరి మాట: రొట్ట వేసిన పొలమునకు భూసార పరీక్షను అనుసరించి యూరియా తగ్గింపవలెను. రెండును నిండుగా వేసినచో పైరు మితిమీరి పెరిగి పడిపోవును, దోమపోటు హెచ్చును. యూరియా ఖర్చు తగ్గినప్పుడే పచ్చిరొట్ట వలన రైతునకు పూర్తి లాభము.