దత్తపుత్రులకు ‘డి’ విటమిన్ కొరత

నారాయణగూడ: విదేశీ దంపతులు దత్తత తీసుకునే చిన్నారుల్లో ‘డి’ విటమిన్ కొరత తరచూ బయటపడుతోంది. యూసుఫ్‌గూడ శిశువిహార్ ఉన్న నగరానికి ఇది పరాయి సంగతి కాదు. ఎండలు మండే ఊళ్లో కొరతేమిటన్న సందేహం సహజం. ఆయాలు చాలని ఆశ్రమంలో ఊయలకే పరిమితమైన పసికందుకు ఎండ తగలదు. కిటికీ అద్దాలు కూడా అవసరమైన కిరణాలను అడ్డుకుంటాయి.

అసలు ప్రమాదం ఇల్లు మారాకే. మంచి తిండితో బిడ్డ వేగంగా ఎదుగుతుంది, ఎముకలకు కాల్షియం మరింత కావాలి. దానిని పేగులు గ్రహించాలంటే ‘డి’ ఉండాలి. స్వీడన్ వంటి దేశాల చలికాలపు ఎండ దానిని ఇవ్వలేదు, చామనఛాయ మేనికైతే మరీ కష్టం. కాళ్లు వంకర తిరగడం, నడక ఆలస్యం కావడం రికెట్స్ లక్షణాలు. అందుకే అక్కడికి చేరిన వెంటనే రక్తపరీక్ష అవసరం. ఏడాదిలోపు శిశువుకు రోజుకు 400 యూనిట్లు చాలు. నారాయణగూడ మందుల దుకాణాల్లోనూ దొరికే ఆ చుక్కలను వైద్యుల సలహాతో ఇక్కడే మొదలుపెట్టి, ఆ వివరాన్ని బిడ్డ ఆరోగ్య నివేదికలో రాసి పంపాలి.