ఇసుక నడిచే దారి

తుఫాను వెలిసిన మర్నాడు ఉప్పాడ వెళ్తే ఒడ్డు పొడుగునా జనం కనిపిస్తారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు తడి ఇసుకలో గొంతుక్కూర్చుని పుల్లలతో, వేళ్ళతో కెలుకుతూ ఉంటారు. బంగారం కోసం. గింజంత రవ్వ, విరిగిన దిద్దు ముక్క, అదృష్టం బాగుంటే ఒక పూస. దొరికింది కొంగున ముడేసుకుని మళ్ళీ వంగుతారు. ఈ బంగారం ఎక్కడిదని అడిగితే పెద్దవాళ్ళు సముద్రం వైపు చెయ్యి చూపిస్తారు. ఇప్పుడు కెరటాలు విరుగుతున్న చోట ఒకప్పుడు ఇళ్ళుండేవి, గుళ్ళుండేవి.

జాందానీ చీరకు దేశమంతటా పేరున్న ఊరిది. కాకినాడ నుంచి అక్కడికి వెళ్ళే బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా కోసుకుపోతుంది. మళ్ళీ వేస్తారు, మళ్ళీ పోతుంది. లారీలతో బండరాళ్ళు తెచ్చి పోశారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులు, జియోట్యూబులు, వరసగా పేర్చారు. అవీ చిరిగి కుంగిపోయాయి. ఊరిని సముద్రం మింగేస్తోందని అందరం అంటాం. ఆ మాటతో నాకు పేచీ ఉంది. సముద్రం ఎప్పుడూ ఇసుకను తీసుకుపోతూనే ఉంటుంది. తీసుకుపోయిన దానికి బదులు రావలసిన ఇసుక ఉప్పాడకు రావడం లేదు. అది దారిలో ఎక్కడ ఆగిపోయిందో చూస్తే తప్ప ఏ గోడ కట్టినా ప్రయోజనం ఉండదు.

ఇసుక నడుస్తుంది. చూడ్డానికి పరికరాలేం అక్కర్లేదు. నైరుతి గాలి వీచే రోజుల్లో మన తీరంలో ఎక్కడైనా సరే, అల తడిపే చోట ఒక కొబ్బరి పీచు ముక్క వేసి పక్కన నిలబడండి. అల నేరుగా రాదు, దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది. పీచును ఉత్తరం వైపు ఐమూలగా పైకి తోస్తుంది. వెనక్కి మళ్ళే నీళ్ళు మాత్రం వాలు చూసుకుని తిన్నగా కిందికి జారతాయి. మళ్ళీ అల, మళ్ళీ ఐమూల, మళ్ళీ జారుడు. పది నిమిషాల్లో ఆ పీచు మీ కాళ్ళ దగ్గర నుంచి చాలా దూరం పోతుంది. రంపపు పళ్ళ మీద చీమ నడిచినట్టు ఉంటుంది దాని దారి. ఒడ్డున ఉన్న ప్రతి ఇసుక రేణువూ రాత్రింబవళ్ళు చేసే ప్రయాణం ఇదే. ఈశాన్య గాలులు వీచే నెలల్లో కొంత వెనక్కి నడుస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే మన తూర్పు తీరంలో ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ. ఏటా లక్షల ఘనపు మీటర్లు.

గోదావరి జిల్లాల వాళ్ళకు దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. తీరం ఒక కాలవ, అందులో నీళ్ళకు బదులు ఇసుక పారుతుంది. ఎగువన ఎవరైనా అడ్డు వేసుకుంటే శివారు చేలు ఎండిపోతాయి. ఉప్పాడ ఆ కాలవకు శివారు.

మరి తలకాలవ ఏది? గోదావరే. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిన నది వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన మట్టే కోనసీమ అయింది. వాటిలో గౌతమి పాయ మొగ దగ్గర సముద్రంలో పడ్డ ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకెళ్ళి గత రెండు వందల ఏళ్ళలో హోప్ ఐలాండ్‌ను కట్టాయి. పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ సన్నటి ఇసుక నాలుక అడ్డుగా ఉండబట్టే కాకినాడ అఖాతంలో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, ఓడలు నిలుస్తాయి.

నది ఎంత మట్టి తెస్తోందో కొలిచే పద్ధతి చాలా సాదా. కేంద్ర జలసంఘం కొలత కేంద్రాల్లో నది నీటిని సీసాలో పడతారు. వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి తూకం వేస్తారు. ఆ రోజు పారిన నీటితో ఆ తూకాన్ని హెచ్చవేస్తారు. మళ్ళీ మళ్ళీ ఇదే పని, ఏళ్ళ తరబడి. ఆ తూకాల చిట్టాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముందు పెట్టుకుని చూస్తే తేలింది ఇది: 1970ల్లో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2006 నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాదంతా పైనున్న జలాశయాల అడుగున పేరుకుపోతోంది. ఉపగ్రహ చిత్రాలతో వాళ్ళే వేసిన ఇంకో లెక్క ప్రకారం 1976-2001 మధ్య గోదావరి డెల్టా తీరం, వచ్చింది పోయింది పోను, నికరంగా 1,836 హెక్టార్లు నష్టపోయింది. అంటే దాదాపు 4,500 ఎకరాలు.

ఆనకట్టలను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తి కాకపోయి ఉంటే డెల్టాలో ఇంత అన్నం ఉండేది కాదు. కానీ నీళ్ళ లెక్క రాసుకున్నంత శ్రద్ధగా మనం మట్టి లెక్క రాసుకోలేదు. 1980లో వచ్చిన గోదావరి ట్రైబ్యునల్ తీర్పు గురించి, టీఎంసీల వాటాల గురించి టీ కొట్టు దగ్గర కూడా వాదించుకుంటాం. ఆ నీళ్ళతో రావలసిన ఒండ్రులో సముద్ర తీరం వాటా ఎంతన్న మాట మన వాదనల్లో వినిపించదు. డెల్టా మట్టికి ఇంకో గుణం కూడా ఉంది. తన బరువుకు తానే అణిగి కుంగుతుంది. ప్రతి వరదా ఒక పొర కొత్త మట్టి పరిస్తేనే ఎత్తు నిలుస్తుంది. ఒకపక్క సముద్రమట్టం పెరుగుతుంటే ఇంకోపక్క నేల దిగుతోంది. మధ్యలో పొర పడడం లేదు.

ఇక ఉప్పాడ సంగతి. హోప్ ఐలాండ్ కొస ఉత్తరానికి పెరిగేకొద్దీ ఇసుక దాని దగ్గరే ఆగుతోంది. దాని మొనను చుట్టి వంగే అలల జోరు నేరుగా ఉప్పాడ ఒడ్డుకు తగులుతోంది. ఓడల కోసం కాకినాడ దగ్గర తవ్విన లోతు, కట్టిన అడ్డుగోడలు కూడా ఇసుక దారి మీదే ఉన్నాయి. పరిశోధకులు చూపే కారణాలు ఇవి. కాకినాడకు గొడుగు పట్టిన ఇసుక దిబ్బే ఉప్పాడకు ఎండ తగిలేలా చేస్తోంది.

బండరాళ్ళ గోడ ఇక్కడ ఏం చేస్తుందో చూడండి. వాలుగా ఉన్న ఇసుక మీద అల పాకుతూ వచ్చి అలసిపోతుంది. రాతి గోడకు కొట్టుకున్న అల అలసిపోదు, తిరిగి విరుచుకుపడి గోడ పాదం దగ్గరున్న ఇసుకను గోకి తీసుకుపోతుంది. కొన్నేళ్ళకు గోడ ముందు బీచ్ ఉండదు. తర్వాత గోడ కూడా ఒరిగిపోతుంది. గోడ ఎక్కడ ఆగిందో ఆ పక్క ఊళ్ళో కోత మొదలవుతుంది, వాళ్ళకూ గోడ కావాలి. ఇంకో కష్టం వేటకు వెళ్ళేవాళ్ళది. అలివి వల లాగాలంటే కాళ్ళ కింద ఇసుక ఉండాలి. తెప్ప దించాలన్నా, ఎత్తి ఒడ్డున పెట్టాలన్నా ఇసుకే కావాలి. చేపలు ఎండబెట్టేది దాని మీదే. రాళ్ళు పోసి ఊరిని కాపాడామని చెప్పి, ఊరి జీవనాన్ని రాళ్ళ అవతలకు నెట్టేస్తే ఎలా?

దీనికి మందు మన విశాఖపట్నంలోనే ఉంది. 1930ల్లో అక్కడ నౌకాశ్రయం కట్టినప్పుడే ఇంజనీర్లకు ఇసుక గొడవ అర్థమైంది. దక్షిణం నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను చుట్టి వచ్చే ఇసుక ఓడల దారిని పూడ్చేస్తుందని, రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి సముద్రంలో ముంచి అడ్డు కట్టారు. ఇసుకను అక్కడ ఆపి, తవ్వి, గొట్టాల గుండా అవతలి ఒడ్డున పోయడం అలవాటు చేసుకున్నారు. తర్వాత బయటి హార్బరు వచ్చినా పద్ధతి అదే. మనం సాయంత్రం కూర్చుని మొక్కజొన్న పొత్తులు తినే ఆర్.కె. బీచ్‌లో ఇసుక చాలా వరకు అలా మనుషులు మోసి పోసిందే. దారికి అడ్డం వచ్చినవాళ్ళే ఇసుకను దాటించాలన్న ధర్మం అందులో ఉంది.

ఆ ధర్మం తప్పితే ఏమవుతుందో చెన్నై చెప్తుంది. అక్కడ రేవు కట్టాక దక్షిణాన మెరీనా విశాలమైంది, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బరు కట్టాక ఊరి బీచ్ మాయమై రాళ్ళగుట్ట మిగిలింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2018 ప్రాంతంలో, నీటి అడుగున ఒక అడ్డుదిబ్బ కట్టి, హార్బరు దగ్గర తవ్విన ఇసుక తెచ్చి పోస్తే బీచ్ మళ్ళీ కళ్ళబడింది. నెదర్లాండ్స్ వాళ్ళు 2011లో ఇంకా ధైర్యం చేశారు. 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఒక్క చోట కుప్ప పోసి, పంచే పని అలలకు వదిలేశారు. మనకు అంత డబ్బు లేదు గానీ ఉప్పాడ ముందు ఏళ్ళుగా పోసిన రాళ్ళకు అయిన ఖర్చు కూడా తక్కువేం కాదు.

మట్టి ఆగితే ఏమవుతుందో చూశాం. ఆగకుండా వస్తే ఏమవుతుందో చూడాలంటే కోరంగి వెళ్ళాలి. ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మావాళ్ళు కోరంగీలనే పిలిచేవారు. గోదావరి మట్టి మేటవేసి ఆ రేవు మూతపడింది, వ్యాపారం కాకినాడకు తరలింది. రేవును పూడ్చిన బురద మీదే మడ అడవి లేచింది. 1978 నుంచి అది అభయారణ్యం, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

పాటు సమయంలో ఉప్పుటేరు పక్కన నిలబడితే బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకు వేలు ఊపిరి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి మడచెట్టు వేళ్ళు తలకిందులుగా పెరిగి గాలి పీల్చుకుంటాయి. తెల్లమడ ఆకును నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల గుండా బయటికి చెమర్చేస్తుంది. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడుగు మొలకతో బురదలో పడి నాటుకుంటుంది. ఆ వేళ్ళ సందుల్లో నీటి వేగం తగ్గి మట్టి దిగుతుంది. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు అక్కడే పెద్దవవుతాయి. ఉప్పెన వచ్చినప్పుడు అల ముందు ఆ వేళ్ళను, కొమ్మలను దాటాలి.

ఈ అడవికీ జబ్బు చేసింది. వెనకటి రోజుల్లో కలప కోసం ఒక్కో ముక్కను పూర్తిగా నరికేశారు. నీడ పోయిన బురద ఎండకు ఎండి, కుంగి, పళ్ళెంలా అయింది. పోటు నీళ్ళు అందులో చేరి బయటికి పోలేక ఇగిరిపోయి ఉప్పు పేరుకుంది. అలాంటి చవుటిలో ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోయాయి. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల వాళ్ళు కలిసి వేరే దారి పట్టారు. మొక్కకంటే ముందు నీటికి బాట వేశారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, చేప ముల్లు ఆకారంలో. పోటు వచ్చి ఉప్పు కడిగింది, పాటు దాన్ని మోసుకుపోయింది. ఆ తర్వాత నాటిన మడ మొక్కలు బతికాయి. పర్ర నేలలు మళ్ళీ పచ్చబడ్డాయి. అక్కడ కాలవ తవ్వింది డెల్టా మనుషులు. నీళ్ళు ఎటు పారతాయో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇసుక దిబ్బ విలువ తెలిసిందీ తీరం వాళ్ళకే. సముద్రానికి అంత దగ్గర్లో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. వాన నీరు దిబ్బలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తెట్టులా తేలుతుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తు ఉంటే కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే. లెక్కను తిప్పి చూస్తే భయం వేస్తుంది. దిబ్బ తవ్వేసో, మోటార్లు పెట్టి తోడేసో పైమట్టం ఒక్క మీటరు దించితే కింది నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది.

చట్టం ఉంది. 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు, పోటు గీతకు 500 మీటర్ల లోపల కట్టడాలు వద్దని. దాని నుంచే 1991లో తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు పుట్టాయి. 2019లో వచ్చిన కొత్త నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న పల్లెల దగ్గర కట్టడాలు కూడని జాగాను 200 మీటర్ల నుంచి 50కి తగ్గించాయి. ఇది పొరపాటని నా గట్టి నమ్మకం. కోతకు గురయ్యే చోట 50 మీటర్లంటే కొన్నేళ్ళ దూరం. ఆ గీతకు అవతల కట్టిన ఇంటికి రేపు గోడ కావాలంటారు, ఆ గోడ పక్క ఊరి ఇసుకను తినేస్తుంది. గీత గీసేవాళ్ళు టేపుతో పాటు ఇసుక చిట్టా కూడా పట్టుకుని రావాలి: ఈ ఒడ్డుకు ఏడాదికి ఎంత వస్తోంది, ఎంత పోతోంది, దారిలో ఎవరు ఆపుతున్నారు. ఆపిన రేవు దాటించాలి. జలాశయం అడుగున పేరుకున్న ఒండ్రును వరద రోజుల్లో కొంతైనా కిందికి వదిలే దారి వెతకాలి.

జూలైలో గోదావరికి ఎర్రనీరు దిగిందన్న కబురు రాగానే యానాం రేవులో పులస కోసం జనం చేరతారు. సముద్రం నుంచి ఆ నీటికి ఎదురీది వచ్చే చేప అది. వేలం పాట మొదలవుతుంది, బేరం వేలల్లోకి వెళ్తుంది, అందరి కళ్ళూ చేప మీదే ఉంటాయి. వాళ్ళ వెనక ఎర్రగా, చిక్కగా నది పారుతూ ఉంటుంది. ఆ ఎరుపు ఇంకొన్ని గంటల్లో గౌతమి మొగ దాటుతుంది. అందులోని మెత్తటి బురద కోరంగి మడ వేళ్ళ మధ్య దిగుతుంది. బరక ఇసుక అలల చేతికి చిక్కి ఉత్తరంగా, ఉప్పాడ వైపు, నడక మొదలుపెడుతుంది.