ప్రాత ఛాయాపటములను చూచు విధము

రాజుల పట్టాభిషేకములను, యుద్ధములను చరిత్రగ్రంథములు చెప్పును. ఒక పల్లెవారు మధ్యాహ్నమున నేమి భుజించిరో, వారి బిడ్డలెట్టి దుస్తులు ధరించిరో ఆ గ్రంథములందు అరుదుగా గానవచ్చును. అట్టి సంగతులను కన్నులకు గట్టునట్లు చూపునవి ప్రాత ఛాయాపటములు. వానిలో అమెరికా సంయుక్త రాష్ట్రములందు 1935 మొదలు 1944 వరకు ప్రభుత్వము తీయించిన పటములు మిక్కిలి ప్రసిద్ధములు.

అవి పుట్టిన కారణము తెలిసికొనదగినది. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమువలనను, పిమ్మట వచ్చిన అనావృష్టివలనను, ధూళితుపానులవలనను ఆ దేశపు రైతులు పెక్కుమంది భూములను విడిచి వలసపోయిరి. వారికి సాయము చేయుటకై 1935లో ప్రభుత్వము ఒక శాఖను నెలకొల్పెను. ఆ సాయము ఏల అవసరమో ప్రజలకు చూపుటకు రాయ్ స్ట్రైకర్ అను అధికారి ఛాయాగ్రాహకులను దేశము నలుమూలలకు పంపెను. జనులు సాయంకాలములందు ఇంట నేమి చేయుదురు, ఎచ్చట గుమిగూడుదురు మొదలగు ప్రశ్నలను సయితము వ్రాసి వారి కిచ్చుచుండెను. అందువలన కష్టములే గాక నిత్యజీవనమంతయు పటముల కెక్కెను. 1,70,000కు పైబడిన నెగటివులును, సుమారు 1,600 రంగుపటములును నేడు వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునందు భద్రపరుపబడి యున్నవి. అంతర్జాలమున వానిని ఎవరైనను ఉచితముగా చూడవచ్చును.

ఒక యుదాహరణము. 1940లో రస్సెల్ లీ అను ఛాయాగ్రాహకుడు న్యూమెక్సికోలోని పైటౌను అను చిన్న గ్రామమునకు పోయెను. టెక్సాసు, ఒక్లహోమాల నుండి వచ్చిన పేదరైతులు అచ్చట సగము నేలలోనికి త్రవ్విన యిండ్లలో కాపురముండిరి. వరుసగా నిలిచి పాడుచున్న బడిపిల్లలు, సంతలో విందుకు ముందు ప్రార్థన చేయుచున్న జనులు, గాజుజాడీలలో తాను నిలువచేసిన ఆహారమును చూపుచున్న గృహిణి ఆ పటములలో కానవచ్చెదరు. మొదటి చూపున మన దృష్టి ముఖములపై నిలుచును. రెండవమారు చేతులను, పాదరక్షలను, వెనుకనున్న గోడలను చూడుడు. అప్పుడు పటము మాటలాడసాగును.

అయినను ఈ పటములు మాత్రమే చూచినవారు ఆ కాలమంతయు అట్టి సౌఖ్యముగలదే యని భ్రమింతురు. అంతకు ఒక సంవత్సరము ముందు, 1939లో, ఆ లీయే ఒక్లహోమా నగరపు ట్రాము నిలయమున మరియొక పటము తీసెను. ఆఫ్రికా సంతతివాడొకడు, తన జాతివారికి వేరుగా నుంచబడిన తొట్టికడ నీరు త్రాగుచున్నాడు. 1942లో గార్డన్ పార్క్స్ అను నల్లజాతి ఛాయాగ్రాహకుడు, ప్రభుత్వ కచేరీని తుడుచు నొక స్త్రీని జాతీయపతాకము ముందు చీపురుతో నిలిపి పటము తీసెను. బహిరంగస్థలములందు అట్టి వివక్షను నిషేధించు శాసనము 1964లో గాని రాలేదు. విందు సత్యమే, నీటితొట్టియు సత్యమే. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికే ఆ దేశము తెలియును.

మరియొక సంగతి. తనకు నచ్చని నెగటివులు పెక్కింటికి స్ట్రైకరు రంధ్రము పొడిపించెను. ఆ నల్లని చుక్క నేటికిని వానిపై కానవచ్చును. ప్రతి పటము వెనుకను ఎన్నుకొనిన చేయి యొకటి కలదని అది మనకు జ్ఞప్తిచేయును. కావున ఎవరు తీసిరి, ఎప్పుడు తీసిరి, ఎందుకు తీసిరి, ఎవరిని విడిచిరి అని ప్రశ్నించుచు చూడవలయును. ఇట్లు ప్రశ్నించుటచే ఆనందము తగ్గదు, హెచ్చును.

ఆ పటములకు ఇంత విలువ కలుగుటకు మరియొక హేతువు, వానిలో పెక్కింటితో ఊరు, నెల, సంవత్సరము వ్రాసియుంచుటయే. విద్యార్థులారా! మీ యిండ్లలోని పటములలో నున్నవారెవరో నేడు మీ తాతలు, అవ్వలు చెప్పగలరు. వారి నడిగి, ఆ పేళ్లను, ఊరిని, సంవత్సరమును పటము వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. వారు లేని నాడు ఆ ముఖములకు పేరు చెప్పువారుండరు.